నూట యాభై ఆరు కేజీలు

కంటితో చూసి బరువు చెప్పేస్తానని నాకు పేరు. షెడ్డులో నన్ను అసలు పేరుతో ఎవరూ పిలవరు, కాటా అంటారు. ఇరవై ఆరేళ్ళుగా ఈ విమానాశ్రయం సరుకుల షెడ్డులో, గుమ్మం దగ్గర నేలలోకి దింపిన ఇనప కాటా పక్కన కుర్చీ వేసుకుని తూకాలు రాస్తున్నాను. అరకేజీ తేడా వచ్చిందంటే ఎదురుగా ఉన్నది ఆఫీసరైనా సరే, ఊరుకునే రకం కాదు నేను. విమానానికి మొహమాటం ఉండదు కదా, బరువు తప్పు రాస్తే అది లేవదు. అందుకే నా నోటికి అందరూ భయపడతారు, నా అంకెని మాత్రం అందరూ నమ్ముతారు. ఆ నమ్మకమే నా కొంప ముంచింది, అక్క కొంప కూడా.

విమానాశ్రయం అనగానే సూట్‌కేసులూ, సెంటు వాసనా, కౌగలించుకుని ఏడ్చే జనమూ గుర్తొస్తారు మీకు. మా దగ్గర ఆ సంబరం లేదు. ప్రయాణికుల విమానం వారానికి రెండుసార్లు వస్తుంది, అది కూడా సగం ఖాళీగా. మిగతావన్నీ కిటికీలు లేని విమానాలు. ఐసు పెట్టెల్లో చేపలు, పూలు, మందులు, యంత్రాల విడిభాగాలు, అట్టపెట్టెల్లో కిచకిచలాడే కోడిపిల్లలు. అప్పుడప్పుడు మనుషులు కూడా వస్తారు, పెట్టెల్లో.

ఆ పెట్టెల విషయంలో మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. శవపెట్టెని కాటా ఎక్కించం. ఏ రూల్సు పుస్తకంలోనూ లేదిది. మనిషిని మూటలా తూచడమేమిటని మొదట్లో ఎవరో అనుంటారు, అది అలాగే ఉండిపోయింది. పెట్టె పక్క తలుపులోంచి వస్తుంది, కాగితం మీద ఎంతుంటే అంత రిజిస్టర్లోకి ఎక్కిస్తాం. ఆ కాగితం మీదుండేదీ నిజం బరువు కాదు. పంపేవాళ్ళకీ తూచడానికి చేతులు రావు, నూట యాభై అనో నూట అరవై అనో ఉజ్జాయింపుగా వేసేస్తారు. అన్నిటికీ ఎగిరిపడే నేను ఈ ఒక్క చోట నోరు మూసుకుని కాపీ కొట్టేవాణ్ణి.

మా బావ కూడా ఈ షెడ్డు మనిషే. సొట్టలు పడిన కంటైనర్లకి వెల్డింగ్ చేసి బాగుచేసేవాడు. అక్క పక్క షెడ్డులో, సరుకు మీద బిగించే వలలు తెగితే కూర్చుని కుట్టేది, ఇప్పటికీ అదే పని. కొన్నాళ్ళకి కంపెనీవాళ్ళు మరమ్మత్తులు మానేసి, పాడైనవి పారేసి కొత్తవి తెప్పించుకోవడం మొదలుపెట్టారు. బావకి పని పోయింది. ఎనిమిది నెలలు ఇంట్లో ఉన్నాడు. నిజం చెప్పాలంటే ఇంట్లో కూర్చోలేదు, కనిపించిన ప్రతి తలుపూ తట్టాడు. కానీ నాకు అదేమీ కనపడలేదు. పొద్దున్న తొమ్మిదింటికి అరుగు మీద టీ గ్లాసుతో కనిపించేవాడు, ఒళ్ళు మండేది. ఒకరోజు అక్క ముందే, ఇలా తిని కూర్చుంటే పెరిగేది ఒళ్ళే గానీ ఇల్లు కాదని అనేశాను. ఆయన నవ్వేసి ఊరుకున్నాడు. అక్క మాత్రం వారం రోజులు నాతో మాట్లాడలేదు.

తర్వాత నేనే తెలిసిన ఏజెంటుని పట్టుకుని, సముద్రం అవతల ఓడల మరమ్మత్తు యార్డులో ఆయనకి పని చూశాను. వెళ్ళే రోజు ప్రయాణికుల హాల్లోకి పోకుండా ముందు మా షెడ్డుకొచ్చాడు, అందరికీ చెప్పి వెళ్దామని. నేను ఆయన్ని చెయ్యి పట్టుకుని కాటా మీదికి లాగాను. తొంభై ఆరు కేజీలు. ఎర్ర అంకెలు వెలగ్గానే షెడ్డంతా గొల్లుమంది. నన్ను ఏ లెక్కన పంపిస్తున్నావు బావమరిదీ, చేపల్లోనా పూలల్లోనా అని అడిగాడు. ఇంత కొవ్వుకి సబ్బుల ఫ్యాక్టరీవాళ్ళయితే ఎగబడతారు, పువ్వులవాళ్ళకి నువ్వెందుకు అన్నాను. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. నేను ఆయన్ని చూడటం అదే ఆఖరు.

రెండున్నరేళ్ళు రాలేదు. ప్రతి ఆదివారం పదింటికి అక్కకి ఫోన్ చేసేవాడు, మొహం కనపడేలా. నాకు మాత్రం ఉత్త మాటే. ఏం బావా, మొహం చూపించకూడదా, పెళ్ళికూతురివా అంటే, నీకు చూపిస్తే దిష్టి తగులుతుందిరా అనేవాడు. నేనూ పట్టించుకోలేదు.

తర్వాత యార్డు నుంచి కబురొచ్చింది. నిద్రలో గుండె ఆగిపోయిందన్నారు. కాగితాలు కదలడానికి మూడు వారాలు పట్టింది. ఫొటో అయినా పంపమంటే, ఇన్ని రోజులయ్యాక చూడకపోవడమే మంచిదన్నారు. పెట్టెకి లోపల జింకు రేకు, అతుకు వేసేస్తారు, ఇక్కడికొచ్చాక తెరవడానికి లేదు. ఆ మూడు వారాలూ అక్క గట్టిగా ఏడవను కూడా లేదు. నిద్రలోనే పోయాడు, నొప్పి తెలీకుండా పోయాడు అని అదే మాట పట్టుకుని కూర్చుంది.

నన్ను మాత్రం ఒకటే అడిగింది. రెండేళ్ళ కిందట మా షెడ్డులోనే రెండు పెట్టెలు తారుమారయ్యాయి. ఒక ఇంటివాళ్ళు ఎవరినో మట్టి చేసి, నాలుగు రోజులకి మళ్ళీ తవ్వించుకున్నారు. ఆ గొడవంతా అక్క కళ్ళారా చూసింది.

"ఆయనే వచ్చాడని నువ్వు చూసి చెప్పరా. కాగితం కాదు, నువ్వు చెప్పాలి. నువ్వు చెప్తే నమ్ముతాను" అంది.

సరేనన్నాను. అంతకుమించి నేను చెయ్యగలిగిందేముంది?

పెట్టె వచ్చింది మంగళవారం పొద్దున్న, పదకొండు గంటల విమానంలో. అక్క షెడ్డు గేటు బయట బెంచీ మీద ఎనిమిదింటి నుంచీ కూర్చుని ఉంది. పెట్టెని ట్రాలీ మీద తెచ్చింది మా ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు. అతన్ని అందరం నత్త అంటాం. ఏ బండి నడిపినా గుడ్లు మోస్తున్నట్టు నడుపుతాడు. ఆ రోజు పక్క తలుపు దగ్గర పూల పెట్టెలు అడ్డంగా పేర్చి ఉన్నాయి. ఎవడు పెట్టాడురా ఇక్కడ అని నేను అరిచేలోపే నత్త ట్రాలీని పెద్ద గుమ్మం వైపు తిప్పాడు. కాటా మీదుగా తప్ప వేరే దారి లేదు.

తల తిప్పుకుని ఉండొచ్చు నేను. ఇరవై ఆరేళ్ళ అలవాటు, కళ్ళు మాట వినలేదు. ట్రాలీ బరువు కాటా తనంతట తనే తీసేస్తుంది. మిగిలింది నూట ఆరు.

పెట్టె పక్కన చిన్న రేకు ముక్క మీద ఖాళీ పెట్టె బరువు అచ్చు గుద్ది ఉంది, యాభై ఎనిమిది. నూట ఆరులోంచి యాభై ఎనిమిది తీసేస్తే నలభై ఎనిమిది. ఎవరూ అడక్కుండానే లెక్క అయిపోయింది నా తలలో. తొంభై ఆరు కేజీల మనిషిలో సరిగ్గా సగం. ట్రాలీని వెనక్కి తీసి మళ్ళీ ఎక్కించమన్నాను. నత్త నా మొహం చూసి ఎక్కించాడు. నూట ఆరే.

కుర్చీలో కూలబడ్డాను. సగం మనిషి ఎలా వస్తాడు? రెండే దార్లు కనపడ్డాయి నాకు. ఒకటి, లోపలున్నది ఎవరో వేరే మనిషి. రెండోది తలుచుకోవడానికే భయమేసింది. ఓడల యార్డులో పేలుళ్ళు జరుగుతాయి, క్రేన్లు తెగుతాయి. నిద్రలో గుండె ఆగడం అబద్ధం, దొరికిన మేరకి పోగేసి పంపించారు. ఫొటో పంపకపోవడానికి కారణం అదే అనిపించింది. దొంగ వెధవలని పళ్ళు కొరుక్కున్నాను. వాళ్ళకంటే ముందు నన్ను నేను తిట్టుకున్నాను, పంపించింది నేనేగా.

కస్టమ్స్ ఆయన వచ్చి, సీలు కోయించి, పైన చెక్క మూత తీయించాడు. లోపల జింకు రేకు అతుకు చెక్కుచెదరలేదని చూసి సంతకం పెట్టి, మూత బిగించేయండని వెళ్ళిపోయాడు. అప్పుడే చెప్పాల్సింది, తూకం తేడా ఉందని. ఒక్క మాట అంటే పెట్టె అక్కడే ఆగిపోయేది, ఉత్తరాలు నడిచేవి, బహుశా తిరుగు విమానం ఎక్కేది. బయట బెంచీ మీద అక్క ఉంది.

ఇంకో సంగతి తొలిచేసింది. రేపు పెట్టె మొయ్యబోయేది మా షెడ్డువాళ్ళే, ఆరుగురు. పొద్దస్తమానం బరువులెత్తే చేతులవి. భుజం పెట్టిన మరుక్షణం తెలిసిపోతుంది వాళ్ళకి. ఒకడు రెండోవాడి మొహం చూస్తాడు, సాయంత్రానికి అక్క చెవిన పడుతుంది. నిద్రలో పోయాడన్న ఆ ఒక్క ఊరట కూడా పోతుంది దానికి.

చిన్న విమానాలు ఖాళీగా వెళ్ళేటప్పుడు తోక తేలిపోకుండా ఇసక సంచులు వేస్తాం. మందపాటి గుడ్డతో పలకల్లా కుట్టిన సంచులు, ఒక్కోటి పది కేజీలు, సరిగ్గా నేను తూచి ముద్ర వేసినవే. చెక్క పెట్టెకీ జింకు పెట్టెకీ మధ్య చుట్టూ అరచెయ్యి పట్టేంత సందు ఉంది. అందరూ భోజనాలకి వెళ్ళాక నత్తని ఆపి, ఐదు సంచులు తెమ్మన్నాను. అతనికి అర్థమైంది, అయినా కదల్లేదు.

"ఉన్నదున్నట్టు అక్కకి చెప్పెయ్ కాటా. తనే తేల్చుకుంటుంది" అన్నాడు.

నీకేం తెలుసురా, నోరు మూసుకుని చెప్పింది చెయ్యి అని కసిరాను. తెచ్చాడు. తల దగ్గర ఒకటి, పక్కల రెండేసి, కదలకుండా నేనే సర్దాను. మూత మేకులు నేనే బిగించాను. కాటా ఎక్కిస్తే నూట యాభై ఆరు. పెట్టె పోగా మనిషి తొంభై ఎనిమిది. రెండు కేజీలు దుప్పట్ల కింద పోతాయిలే అనుకున్నాను. రిజిస్టర్లో నూట యాభై ఆరు రాసి సంతకం చేశాను. నా చేత్తో నేను రాసిన మొదటి దొంగ తూకం అది. అప్పుడు మాత్రం మంచి పని చేశాననే అనిపించింది, ఎందుకు దాచాలి.

గేటు దగ్గరికెళ్ళి, బావేనక్కా, నేను చూసుకున్నాను అన్నాను. అక్క లేచి నిలబడింది.

"తూచావా?" అంది.

తల ఊపాను.

"ఎంత ఉంది?"

"నూట యాభై ఆరు. పెట్టె పోను తొంభై ఎనిమిది. బావ ఏం తగ్గలేదక్కా, వెళ్ళినప్పుడు ఎంతున్నాడో అంతే వచ్చాడు."

అక్క నా మొహంలోకి చాలాసేపు చూసింది. సరిగ్గా చూశావా అని ఇంకోసారి అడిగింది. నా తూకం ఎప్పుడైనా తప్పిందా అన్నాను. బెంచీ మీద కూర్చుండిపోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తను ఏడుస్తోందని, గుండె బరువు దిగుతోందని అనుకుని వీపు నిమిరాను.

మర్నాడు పొద్దున్న మట్టి. ఆరుగురూ పెట్టె ఎత్తగానే మూలిగారు. పోయినా మనిషి బరువు పోలేదురా అని ఒకడన్నాడు, మెచ్చుకోలుగానే. నాకు లోపల ఊపిరాడింది. గొయ్యి దగ్గర దించేముందు అక్క వచ్చి, కాళ్ళ వైపు పెట్టె కింద చెయ్యి పెట్టి కొంచెం లేపి చూసింది. ఆఖరిసారి ముట్టుకుంటోందనుకున్నాం అందరం. చెయ్యి తీసేసి పక్కకి జరిగి నిలబడింది. ఏడవలేదు. పిడికెడు మట్టి మాత్రం జాగ్రత్తగా, మెత్తగా వేసింది.

మధ్యాహ్నం అందరూ వెళ్ళిపోయాక అక్క వంటింట్లోకి వెళ్ళి గోడ క్యాలెండరు తీసుకొచ్చి నా ముందు పెట్టింది. ప్రతి ఆదివారం గడిలో పెన్సిలుతో ఒక అంకె ఉంది. నెలలు తిప్పేకొద్దీ తగ్గుతూ వచ్చాయి, ఎనభై ఒకటి, డెబ్బై నాలుగు, అరవై ఆరు, యాభై తొమ్మిది, యాభై రెండు. అన్నిటికంటే చివరిది నలభై ఎనిమిది. ఆ అంకె చూడగానే నాకు విషయం పూర్తిగా తెలిసిపోయింది. మిగతాది అక్క చెప్పింది.

ఏడాదిన్నరగా బావకి ఒంట్లో బాలేదట. తిన్నది ఇమిడేది కాదట. డాక్టరు దగ్గరికెళ్తే పని నుంచి తీసేస్తారని, యార్డు గోదాములో ఉన్న కాటా మీద ప్రతి ఆదివారం ఎక్కి చూసుకుని అక్కకి చెప్పేవాడట. వచ్చెయ్యమని అక్క బతిమాలితే, పండగలా పంపించాడు నీ తమ్ముడు, ఇలా వస్తే వాడు తట్టుకోలేడు, కాస్త ఒళ్ళు చేశాక వస్తాననేవాడట. వాడికి మొహం చూపించను, వాడి కన్నే ఒక కాటా, చూశాడంటే కేజీలతో సహా చెప్పేస్తాడు, నోటితో అనేసిన పాపం వాణ్ణి నిద్రపోనివ్వదు అన్నాడట. నాకు చెప్పనని అక్క చేత ఒట్టు వేయించుకున్నాడు.

"నిన్ను చూడమన్నది అందుకేరా. నువ్వు తూస్తావని తెలుసు నాకు. తేలిగ్గా ఉందక్కా, ఏదో తేడాగా ఉందక్కా అని నువ్వంటే, ఆయనే వచ్చాడని గుండె దిటవు చేసుకుందామనుకున్నా. తొంభై ఎనిమిదన్నావు. నేను కూడా ఎత్తి చూశాను. అది మీ బావ కాదు."

మరి ఎందుకు మట్టి చెయ్యనిచ్చావని అడిగాను.

"ఎవరో తల్లి కన్న బిడ్డ. అంత దూరం వచ్చాడు. గొయ్యి దాకా తెచ్చి గొడవ పెట్టుకుంటానా? ఆయన అక్కడెక్కడో ఉన్నాడు. వెతుకు. నువ్వే పంపించావు, నువ్వే తెచ్చిపెట్టు."

అప్పుడు చెప్పాను, అన్నీ. నూట ఆరు, ఇసక సంచులు, దొంగ సంతకం, ఏదీ దాచలేదు. ఆమె కాళ్ళ మీద పడ్డాను. నలభై ఎనిమిదేనక్కా, ఈ కళ్ళతో చూశాను, బావేనక్కా అని మొత్తుకున్నాను. అక్క నా తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి పడేసరికి నాకింకా భయమేసింది. క్యాలెండరు చూశాక చెప్తున్నావు కదరా, నా కోసం ఎంత అబద్ధమైనా ఆడతావని నాకు తెలీదా అంది. నత్తని లాక్కొచ్చాను. వాడు ఏడుస్తూ చెప్పాడు. నువ్వు నేర్పావు, పాపం వాడు అప్పజెప్పాడు అంది.

సంచులు లెక్కపెట్టి చూపిస్తాను రా అన్నాను. ఐదు తక్కువున్నాయి నిజమే. అవి ఏ విమానంలో పోయాయో ఎవడు చెప్పొచ్చాడు అంది. గొయ్యి తవ్వించడానికి దరఖాస్తు పెట్టాను. విచారణకొచ్చిన ఆఫీసరు షెడ్డు రిజిస్టరు తెప్పించి నా ముందుకి తోశాడు. వచ్చిన పెట్టె బరువు నూట యాభై ఆరు, కింద మీ సంతకమే ఉంది, ఇరవై ఆరేళ్ళలో మీ తూకం మీద ఒక్క ఫిర్యాదు లేదు, ఇప్పుడు తప్పు రాశానంటే ఎవరు నమ్ముతారండీ అన్నాడు. ఆయన్ననడానికి ఏముంది. నేనే ఆయన స్థానంలో ఉంటే ఇంకా నాలుగు ఎక్కువ తిట్టేవాణ్ణి.

ఆదివారం పదింటికి అక్క ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. నేను వెళ్తే పక్కన చోటిస్తుంది గానీ మాట్లాడదు. పదిన్నర దాకా చూసి లేచి పనిలో పడుతుంది. సమాధి వైపు మళ్ళీ వెళ్ళలేదు. నేనే వెళ్ళి గడ్డి పీకి వస్తుంటాను. బావా, అది ఇసకే కదూ, నువ్వైనా చెప్పు దానికి అని అడుగుతుంటాను.

మా షెడ్డులో ఆ పాత పద్ధతి పోయింది. పెట్టె వచ్చిందని తెలిస్తే చాలు, పక్క షెడ్డులోంచి అక్క వచ్చేస్తుంది. చేతిలో వల కుట్టే సూది అలాగే ఉంటుంది. ఆమెని చూసి నత్త ట్రాలీని పెద్ద గుమ్మం వైపు తిప్పుతాడు. నిన్న కూడా ఒక పెట్టె వచ్చింది, ఎవరి తాలూకో. కాటా మీద నూట ముప్ఫై రెండు వెలిగింది. అక్క రేకు ముక్క మీద అంకె చూసి, పెదాలు కదుపుతూ తీసివేత చేసుకుంది.

"కాదు" అంది. మళ్ళీ వల కుట్టుకోవడానికి వెళ్ళిపోయింది. నేను రిజిస్టర్లో నూట ముప్ఫై రెండు రాసి సంతకం చేశాను.